మోటారు నడుస్తోంది సరే.. నీళ్లు వస్తున్నాయా?

రాత్రి వేళ కరెంటు వస్తుంది. రైతు టార్చిలైటు పట్టుకొని గట్ల వెంట నడిచి బోరు దగ్గరకు చేరుకుంటాడు. స్టార్టర్ డబ్బాపై దీపం వెలుగుతూనే ఉంటుంది. లోపల కాయిల్ గుయ్యిమంటూనే ఉంటుంది. పైపు మూతి దగ్గర మాత్రం చుక్క నీరు కనిపించదు. మోటారు ఎప్పటి నుంచి ఇలా ఒట్టిగా తిరుగుతోందో చెప్పేవారు ఉండరు. తెల్లవారి మెకానిక్ వచ్చి పైపులు పైకి తీశాక గానీ వైండింగ్ కాలిన సంగతి బయటపడదు. బోరు కింద సేద్యం చేసే ప్రతి ఊళ్లోనూ ఇది తెలిసిన కథే.

ఈ నడకలో పోయేది నిద్ర ఒక్కటే కాదు. కట్లపాము, రక్తపింజర తిరిగే వేళ అదే. తడి నేలపై నిలబడి స్టార్టర్ తలుపు తెరిచేదీ ఆ చీకట్లోనే. పొలానికి వెళ్లకుండానే మోటారు సంగతి తెలిస్తే ఈ ప్రమాదాల్లో సగం తప్పుతాయి. అందుకు కావలసిన సామాను చాలా ఇళ్లలో ఇప్పటికే మూలన పడి ఉంది. తెర పగిలిన స్మార్ట్‌ఫోను, పాత ఛార్జర్లు, యూపీఎస్ నుంచి తీసిన బ్యాటరీ.. వీటికి కొన్ని వందల రూపాయల విడిభాగాలు జోడిస్తే బోరు దగ్గర ఒక కాపలాదారుడు సిద్ధమవుతాడు. అయితే ఆ కాపలాదారుడికి ఏ పని అప్పగించాలో, ఏ పని అప్పగించకూడదో తెలిసి ఉండటం ముఖ్యం.

ఆటో స్టార్టర్ నుంచి మిస్డ్ కాల్ వరకు

రాత్రి నడకను తప్పించుకునేందుకు రైతులు మొదట పట్టుకున్న మార్గం ఆటో స్టార్టర్. కరెంటు రాగానే మోటారును అది తనంతట తానే ఆన్ చేస్తుంది. రైతుకు నిద్ర దక్కింది గానీ కొత్త చిక్కులు వచ్చాయి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ కరెంటు వచ్చిన క్షణానే ఒక్కసారిగా లేస్తే వోల్టేజీ పడిపోతుంది, ఫ్యూజులు ఎగిరిపోతాయి. పొలం తడిసినా, తడవకపోయినా నీరు పారుతూనే ఉంటుంది. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలయ్యే ముందు ఆటో స్టార్టర్లను తొలగించాలని ప్రభుత్వం రైతులను కోరింది. భూగర్భ జలాలు వృథాగా తోడుకుపోతాయన్నది అందుకు ప్రధాన కారణం.

తర్వాత సెల్‌ఫోన్ వచ్చింది. పుణెకు చెందిన సంతోష్ ఓస్ట్వాల్ రూపొందించిన ‘నానో గణేశ్’ వంటి పరికరాలు ఫోను ద్వారా మోటారును నడిపే పద్ధతిని రైతులకు పరిచయం చేశాయి. రాత్రివేళ పొలానికి నడిచి వెళ్లే తాతగారి కష్టమే ఆయనకు ప్రేరణ. ఊళ్లలోని ఎలక్ట్రానిక్స్ కుర్రాళ్లు కూడా ఇదే దారిలో సొంత ప్రయోగాలు చేశారు. ఫోనులో ఒక మీట నొక్కితే రెండు స్వరాలు కలిసి వినిపిస్తాయి. ఎంటీ8870 అనే చిన్న చిప్ ఆ జంట స్వరాన్ని గుర్తుపట్టి, నొక్కిన అంకె ఏదో చెబుతుంది. ఆ సంకేతంతో రిలేను కదిపి స్టార్టర్‌ను నడపడం ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులకు చాలాకాలం పాటు ఇష్టమైన ప్రాజెక్టు.

ఈ పరికరాలు చాలావరకు ‘ఆన్ చెయ్యి’ అన్న ఆదేశాన్ని మోసుకెళ్లాయి. ‘ఆన్ అయిందా, నీరు వస్తోందా’ అన్న ప్రశ్నకు సొంతంగా కట్టుకున్న నమూనాల్లో ఎక్కువ వాటి దగ్గర సమాధానం లేదు. ఆదేశం వెళ్లింది కాబట్టి పని జరిగే ఉంటుందని రైతు అనుకోవలసి వచ్చేది. మోటార్లు కాలింది ఆ నమ్మకం దగ్గరే.

కాఫీ కుండ నేర్పిన పాఠం

మిగిలిన సామానుతో దూరపు వస్తువుకు కాపలా పెట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. 1991లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ ప్రయోగశాలలో ఇలాంటి అవసరమే వచ్చింది. ట్రోజన్ రూమ్ అనే గది బయట ఒక కాఫీ యంత్రం ఉండేది. వేరే అంతస్తుల్లో పనిచేసేవారు మెట్లెక్కి దిగి అక్కడికి చేరేసరికి కుండ ఖాళీగా వెక్కిరించేది. క్వెంటిన్ స్టాఫర్డ్ ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు అందుబాటులో ఉన్న కెమెరాను కుండ వైపు తిప్పి, ఒక ఏకార్న్ ఆర్కిమెడిస్ కంప్యూటర్‌కు కలిపారు. నిలువునా అడ్డంగా 128 చుక్కలున్న నలుపు తెలుపు బొమ్మ అందరి కంప్యూటర్లలోనూ ఒక మూల కనిపించసాగింది. 1993లో అది అంతర్జాలంలోకి ఎక్కి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 2001 ఆగస్టు 22న ఆ కెమెరాను ఆపేశారు.

ఆ కెమెరా కాఫీ కాచలేదు, కుండను నింపలేదు. వెళ్లాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పింది. పొలం దగ్గరి కాపలా పరికరం చేయవలసిన పని కూడా సరిగ్గా అంతే.

తీగను కోయకుండానే కొలత

మోటారు స్థితిని చెప్పే అసలైన సాక్షి అది తీసుకునే కరెంటు. దాన్ని కొలవడానికి తీగను కోయనక్కర లేదు, విప్పనక్కర లేదు. బట్టల క్లిప్పులా తెరుచుకొని తీగ చుట్టూ మూసుకునే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి. ఎస్‌సీటీ013 అనే రకం ఎక్కువ వాడుకలో ఉంది. ఇందులో 100 ఆంపియర్ల నమూనాను తీసుకుంటే, తీగలో 100 ఆంపియర్లు పారినప్పుడు దాని కొసల్లో 50 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. అంటే రెండు వేలకు ఒకటి చొప్పున.

ఐదు హార్స్‌పవర్ మూడు ఫేజుల మోటారు నిండు బరువు మీద సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుందని అనుకుందాం. కచ్చితమైన అంకె మోటారు రేకుపై ముద్రించి ఉంటుంది. అప్పుడు క్లిప్పు ఇచ్చేది 4 మిల్లీ ఆంపియర్లు. దాన్ని 33 ఓమ్‌ల రెసిస్టర్ గుండా పంపితే 0.13 వోల్టు వస్తుంది. మోటారు లేచే క్షణంలో కరెంటు ఆరు రెట్లు పెరిగినా ఇది 0.8 వోల్టు దాటదు. కొన్ని వందల రూపాయలకు దొరికే ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు 3.3 వోల్టుల లోపు సంకేతాలను చదవగలదు. ఏసీ సంకేతం సున్నాకు పైకీ కిందికీ ఊగుతుంది కనుక, సమానమైన రెండు రెసిస్టర్లతో మధ్యస్థాయిని 1.65 వోల్టులకు ఎత్తి బోర్డుకు ఇవ్వాలి.

ఇక్కడ కొత్తవారు చేసే పొరపాటు ఒకటుంది. మూడు తీగలున్న కేబుల్ మొత్తాన్ని కలిపి క్లిప్పులో బిగిస్తే అంకె సున్నా వస్తుంది. మూడు ఫేజుల కరెంట్లు ఒకదానినొకటి రద్దు చేసుకోవడమే కారణం. క్లిప్పు ఒకే తీగ చుట్టూ ఉండాలి. మరో జాగ్రత్త.. కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ కొసలను రెసిస్టర్ లేకుండా ఖాళీగా వదిలి తీగకు బిగించకూడదు. లోపల రక్షణ లేని రకాల్లో అక్కడ ప్రమాదకరమైన వోల్టేజీ పుడుతుంది. రెసిస్టర్‌ను ముందు కలపాలి, క్లిప్పును తర్వాత మూయాలి.

కనీసం రెండు ఫేజులకు రెండు క్లిప్పులు ఉండాలి. ఒక్కటే ఉంటే, అది బిగించిన ఫేజే పోయినప్పుడు సున్నా చూపి ‘మోటారు ఆగింది’ అని భ్రమింపజేస్తుంది. మోటారు మాత్రం మిగిలిన రెండు ఫేజులపై ముక్కుతూ తిరుగుతూ కాలిపోతూ ఉంటుంది. రెండు క్లిప్పులు ఉంటే అలా దాగడానికి చోటు లేదు. ఒకదానిలో కరెంటు ఉండి మరొకదానిలో లేకపోయినా, రెండింటిలోనూ ఒక్కసారిగా కరెంటు పెరిగినా తేడా తెలిసిపోతుంది. ఒక ఫేజు పోయాక అదే పని చేయడానికి మోటారు మిగిలిన ఫేజుల నుంచి సుమారు 1.7 రెట్ల కరెంటు లాగుతుంది.

వోల్టేజీ మాట నమ్మరాదు

పాత సెల్‌ఫోన్ ఛార్జర్లను ఫేజులకు సాక్షులుగా వాడే పద్ధతి ఒకటుంది. ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఒక్కో ఛార్జర్ పెడితే, ఆ ఫేజు ఉన్నంతసేపూ అది 5 వోల్టులు ఇస్తుంది. రెండు రెసిస్టర్లతో దాన్ని తగ్గించి బోర్డుకు కలిపితే ఏ ఫేజు ఉందో, ఏది లేదో తెలుస్తుంది. ఆలోచన చవకైనది, మంచిదే. కరెంటు వచ్చిందా లేదా అన్న కబురుకు ఇది చాలు.

అయితే నడుస్తున్న మోటారు దగ్గర ఈ సాక్ష్యం తప్పు కావచ్చు. ఒక ఫేజు తెగిపోయినా, తిరుగుతున్న మోటారు ఆ తీగపై తానే కొంత వోల్టేజీని పుట్టిస్తుంది. ఛార్జర్ ఆ వోల్టేజీనే చూసి ‘అన్నీ ఉన్నాయి’ అంటుంది. స్టార్టర్‌పై దీపం వెలుగుతుండగానే వైండింగ్ కాలడం వెనుక ఉన్న మర్మాల్లో ఇదొకటి. అందుకే మోటారు ఆగి ఉన్నప్పుడు వోల్టేజీని, తిరుగుతున్నప్పుడు కరెంటును చూడాలి.

న్యూట్రల్ లేనిచోట ఎర్త్ తీగను న్యూట్రల్‌గా వాడే అలవాటు పొలాల్లో కనిపిస్తుంటుంది. ఇది ప్రాణాలతో చెలగాటమే. ఎర్త్ ఎక్కడైనా తెగితే స్టార్టర్ డబ్బాకే షాకు వస్తుంది. న్యూట్రల్ లేకపోతే ఈ పద్ధతిని వదిలేయడమే మేలు.

నీటిని నీటి దగ్గరే చూడాలి

బోరులో నీరు అడుగంటినప్పుడు మోటారు బరువు తగ్గి కరెంటు పడిపోతుంది. ఎంత పడిపోతుందన్నది ఒక్కో మోటారుకు ఒక్కో రకంగా ఉంటుంది. సబ్‌మెర్సిబుల్ మోటార్లు ఒట్టిగా తిరిగినా చెప్పుకోదగ్గ కరెంటే తీసుకుంటాయి. కాబట్టి పుస్తకంలోని అంకెను పట్టుకొని హెచ్చరిక పెడితే పని జరగదు. నీరు నిండుగా వస్తున్నప్పుడు ఎంత, గేటువాల్వు బిగించినప్పుడు ఎంత, గాలి తన్నుతున్నప్పుడు ఎంత అన్నది ఆ బోరు దగ్గరే కొలిచి రాసుకోవాలి.

అంతకంటే నేరుగా చెప్పే సాక్షి మరొకటి ఉంది. ఇళ్లపై నీళ్ల ట్యాంకుల్లో వాడే ఫ్లోట్ స్విచ్చును డెలివరీ పైపు నీరు పడే చిన్న తొట్టిలో వేలాడదీయాలి. తొట్టికి అడుగున చిన్న రంధ్రం ఉంచితే నీరు పడుతున్నంతసేపే అది నిండుగా ఉంటుంది. ఆగిన కొద్దిసేపటికి ఖాళీ అవుతుంది. ఫ్లోటు పైకి లేస్తే నీరు ఉన్నట్టు, కిందికి పడితే లేనట్టు. కరెంటు ఉండి ఫ్లోటు కింద ఉంటే, ఏదో తేడా ఉన్నట్టే. బోరు ఎండి ఉండవచ్చు, పైపు ఊడి ఉండవచ్చు, వాల్వు మూసి ఉండవచ్చు. కారణం ఏదైనా రైతుకు తెలియవలసిన వార్త ఒక్కటే. మోటారు తిరుగుతోంది, నీరు రావడం లేదు.

కబురు ఇల్లు చేరే దారి

బోర్డు దగ్గర సమాచారం ఉంది. అది ఊళ్లోకి చేరాలి. ఇక్కడే పాత స్మార్ట్‌ఫోను అక్కరకు వస్తుంది. అందులో ఒక సిమ్ వేసి హాట్‌స్పాట్ పెడితే, ఈఎస్‌పీ32 వైఫై ద్వారా దానికి కలుస్తుంది. ఫోను అంతర్జాలానికి వంతెన అవుతుంది. కెమెరా పనిచేస్తుంటే అదనపు లాభం. పైపు మూతి వైపు తిప్పి పెడితే, అనుమానం వచ్చినప్పుడు ఒక ఫొటో చూసి నిజం తేల్చుకోవచ్చు.

ఇంటి నుంచి నేరుగా పొలంలోని ఫోనులోకి చూద్దామంటే చాలాసార్లు కుదరదు. మొబైల్ సంస్థలు ఒకే బయటి చిరునామాను అనేక మంది చందాదారులకు పంచుతాయి. అందువల్ల బయటి నుంచి వచ్చే పిలుపు ఏ ఫోనుకు చేరాలో తేలదు. దీనికి విరుగుడు తేలికే. మనం లోపలికి వెళ్లి చూడటం మాని, పరికరమే బయటికి కబురు పంపేలా అమర్చాలి. టెలిగ్రామ్ బాట్ ద్వారా సందేశం పంపించుకోవడం కొత్తవారికి సులువైన మార్గం.

డేటా సిగ్నల్ అందని పొలాల్లో ఎస్ఎంఎస్ దిక్కు. సిమ్800ఎల్ అనే చవక మాడ్యూల్ చిన్న ఆదేశాలతోనే సందేశం పంపుతుంది. కొనేముందు రెండు విషయాలు గమనించాలి. అది 2జీ పైనే పనిచేస్తుంది. 2016 సెప్టెంబరులో సేవలు మొదలుపెట్టిన జియోకు 2జీ లేదు గనుక ఆ సిమ్ ఇందులో పలకదు. మీటల ఫోన్లలో పాత 2జీ రకాలకూ ఇదే వర్తిస్తుంది. రెండోది, సిగ్నల్ పంపే క్షణాల్లో ఈ మాడ్యూల్ 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. బలహీనమైన ఛార్జర్‌పై పెడితే మాటిమాటికీ ఆగి మొదలవుతుంది. మాడ్యూల్ పాడైందని పారేసినవాటిలో చాలా వాటికి అసలు జబ్బు ఇదే.

మౌనం కూడా ఒక కబురే

సొంతంగా కట్టుకున్న కాపలా పరికరాల్లో ఎక్కువగా కనిపించే లోపం అల్లిక పనిలో కాదు, ఆలోచనలో ఉంటుంది. ‘తేడా వస్తే సందేశం పంపు’ అని మాత్రమే రాసి వదిలేస్తారు. కొన్నాళ్లు సందేశం రాదు. అంతా బాగుందని రైతు నిశ్చింతగా ఉంటాడు. నిజానికి సిమ్ రీఛార్జి అయిపోయి ఉండవచ్చు. ఫోను వేడికి ఆగిపోయి ఉండవచ్చు. ఎలుక తీగ కొరికి ఉండవచ్చు. చెడు వార్త లేకపోవడాన్ని మంచి వార్తగా తీసుకుంటే, కాపలాదారుడు చనిపోయిన సంగతి మోటారు కాలాక గానీ తెలియదు.

అందుకే పరికరం క్షేమంగా ఉన్నప్పుడు కూడా వేళ ప్రకారం పలకరించాలి. ఉదయం ఆరుకు ఒకటి, సాయంత్రం ఆరుకు ఒకటి చాలు. ‘ఉన్నాను, కరెంటు ఉంది, నీరు వస్తోంది’ అన్న మూడు మాటలు. ఆ వేళకు సందేశం రాలేదంటే అదే హెచ్చరిక. మనిషికి ఊరి నుంచి రావలసిన ఉత్తరం రాకపోతే కలిగే అనుమానం లాంటిదే ఇది.

ఈ పనిని యంత్రమే చేసే ఏర్పాటు కూడా ఉంది. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఎంక్యూటీటీ అనే సందేశ పద్ధతిని రూపొందించారు. మనుషులు లేని చోట్ల సాగే చమురు గొట్టాలను ఉపగ్రహ సంబంధంతో కనిపెట్టుకొని ఉండటం దాని మొదటి అవసరం. తక్కువ డేటాతో, బలహీనమైన సిగ్నల్‌పై పనిచేయడం దాని బలం. అందులో ‘వీలునామా’ అనే సదుపాయం ఉంది. పరికరం తొలిసారి కలిసినప్పుడే, తన సంబంధం తెగితే ఎవరికి ఏమని చెప్పాలో మధ్యనున్న సర్వర్‌కు అప్పగించి ఉంచుతుంది. నిమిషానికోసారి పలకరిస్తానని ఒప్పుకుంటే, నిమిషంన్నర దాటినా పలకరింపు లేనప్పుడు సర్వర్ ఆ వీలునామాను విప్పి, ‘బోరు దగ్గరి పరికరం పలకడం లేదు’ అని రైతుకు చేరవేస్తుంది. పొలాల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కనుక ఈ గడువును కాస్త పెంచుకోవాలి. ఊరికే వచ్చే హెచ్చరికలు ఎక్కువైతే అసలైనది వచ్చినా ఎవరూ పట్టించుకోరు.

ఎండ, వాన, ఎలుక

పాత సామానుకు పెద్ద శత్రువు వేసవి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మూసిన డబ్బాలో వేడి అంతకంటే ఎక్కువ. ఆ వేడిలో పాత ఫోనును ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంచితే లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. వెనుక మూత పైకి లేచిన ఫోను ఏదైనా ఈ పనికి తగదు. నిండా ఛార్జి అయ్యాక సరఫరా ఆగేలా, రోజులో కొన్ని గంటలే ఛార్జింగ్ జరిగేలా ఏర్పాటు చేసుకోవాలి.

వేడికి కాస్త ఎక్కువ ఓర్చుకునేది యూపీఎస్‌లోని 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. కరెంటు పోయాక కూడా ‘కరెంటు పోయింది’ అని చెప్పాలంటే ఇలాంటి ఆధారం ఒకటి తప్పనిసరి. దాని నుంచి 5 వోల్టులు ఇచ్చే కారు ఛార్జర్‌తో బోర్డునూ ఫోనునూ నడపవచ్చు.

డబ్బా విషయంలోనూ పొరపాట్లు జరుగుతుంటాయి. గట్టిగా ఉంటుందని ఇనుప పెట్టెలో పెడితే సిగ్నల్ అందదు. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బా మంచిది. తీగలు పైనుంచి కాక అడుగు నుంచి లోపలికి వెళ్లాలి. వాన నీరు తీగ వెంట జారి లోపలికి దిగకుండా, డబ్బాకు ముందు తీగను ఒక వంపు కిందికి వేలాడదీయాలి. తీగ దూరే రంధ్రాల్లో ఖాళీ మిగిలితే కందిరీగలు, ఎలుకలు కాపురం పెడతాయి. డబ్బాను స్టార్టర్ లోపల కాక, దానికి దూరంగా నీడపట్టున అమర్చాలి.

ఫోనులో పాత జ్ఞాపకాలేవీ ఉండకూడదు. బ్యాంకు యాప్‌లు, సొంత ఖాతాలు తీసేసి, ఫోనును మొదటి స్థితికి తెచ్చాకే పొలానికి పంపాలి. పాత ఫోన్లకు భద్రతా మార్పులు అందడం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఎవరైనా ఎత్తుకుపోయినా పోయేది ఖాళీ ఫోనే కావాలి.

చూడటం వరకే.. నడపడం వద్దు

పరికరం చక్కగా పనిచేయడం మొదలయ్యాక, ‘ఇంకొక రిలే కలిపితే ఇక్కడి నుంచే ఆన్, ఆఫ్ చేయవచ్చు కదా’ అన్న ఆశ సహజం. పాత సామానుతో కట్టిన పరికరానికి ఆ అధికారం ఇవ్వకపోవడమే క్షేమం.

కాపలా పరికరం తప్పు చేస్తే ఒక తప్పుడు సందేశం వస్తుంది, ఒక నడక వృథా అవుతుంది. నడిపే పరికరం తప్పు చేస్తే ఆ క్షణంలో మోటారు తీగలు సరిచేస్తున్న మనిషి చేయి అక్కడ ఉండవచ్చు. మిస్డ్ కాల్‌తో లేచే మోటారును ఎవరి పొరపాటు కాల్ అయినా లేపగలదు. వేడికి తల తిరిగిన బోర్డు రిలేను ఎటు పడవేస్తుందో చెప్పలేం. దూరం నుంచి నడపాలనుకునేవారు అందుకోసం తయారైన, పరీక్షలు దాటిన పరికరాన్ని కొని అర్హత గల ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకోవాలి. మోటారు మరమ్మతుకు చేయి పెట్టే ముందు ఫ్యూజులు తీసి చేతిలో పట్టుకోవడం అన్నది ఏ పరికరం ఉన్నా మారని నియమం.

మోటారును కాపాడే పని కూడా ఫోనుది కాదు. ఎక్కువ కరెంటు లాగితే ఆపే ఓవర్‌లోడ్ రిలే, ఫేజు పోతే ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ స్టార్టర్‌లోనే ఉండాలి. అవి సిగ్నల్ కోసం ఎదురుచూడవు, రీఛార్జి అడగవు. మోటారు పదేపదే ఆగిపోతోందని విసిగి రిలేను పక్కకు తప్పించి తీగలు నేరుగా కలిపినచోట ఎన్ని సందేశాలు వచ్చినా ప్రయోజనం ఉండదు. సందేశం చదివి రైతు బయలుదేరేలోగా వైండింగ్ కాలిపోతుంది. క్లిప్పులు బిగించేటప్పుడు సైతం సరఫరా పూర్తిగా ఆపాలి. 415 వోల్టుల దగ్గర పని తెలిసినవారి చేతే ఆ పని చేయించాలి.

మొదటి వారం నోటు పుస్తకం

పరికరం పెట్టిన మరునాటి నుంచే నడక మానేయకూడదు. ఒక వారం పాటు రెండూ సాగాలి. సందేశం ఏమని చెప్పిందో, వెళ్లి చూస్తే నిజంగా ఏముందో నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకోవాలి. నీరు నిండుగా ఉన్నప్పుడు రెండు ఫేజుల అంకెలు, ఫ్లోటు స్థితి నమోదు చేయాలి. ఒకరోజు కావాలనే ఫ్లోటును కిందికి నొక్కి పట్టుకొని హెచ్చరిక వస్తుందో లేదో చూడాలి. ఇంకొకరోజు ఫోనును ఆపివేసి, మౌనాన్ని ఎంతసేపటికి పసిగడుతుందో లెక్కించాలి. ఆ పుస్తకంలో రెండు వరుసలూ కలిసిన తర్వాతే పరికరం మాటకు విలువ.

ఆ తర్వాత కూడా పగటిపూట బోరు దగ్గరకు వెళ్లే అలవాటు పోకూడదు. తొట్టిలో నాచు పట్టి ఫ్లోటు ఇరుక్కున్న సంగతి సందేశాల్లో రాదు. పాత ఫోను తప్పించగలిగేది అనవసరమైన నడకను, అందునా అర్ధరాత్రి నడకను. కరెంటు ఉంది, ఫేజులు సమానంగా ఉన్నాయి, తొట్టిలో ఫ్లోటు పైకి తేలింది అన్న మూడు మాటలు ఇంటికి చేరితే, టార్చిలైటు ఆ రాత్రికి గోడకున్న మేకుకే వేలాడుతుంది.